రోస్కిల్డే చారిత్రక ప్రదేశములు

రోస్కిల్డే డెన్మార్కు దేశములోని ఒక ప్రాచీన నగరము. ఇది రాజధాని కోపెన్‌హాగన్‌కు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరములో, ఫ్యోర్డ్ అనబడు సన్నని సముద్రపు పాయ ఒడ్డున ఉన్నది. 15వ శతాబ్దము వరకు ఇది రాజులకు, బిషప్పులకు ముఖ్య కేంద్రముగా ఉండెను.

ప్రధాన చర్చి

12వ శతాబ్దములో బిషప్ అబ్సలాన్ కాలమున ఎర్ర ఇటుకలతో దీని నిర్మాణము ప్రారంభమైనది. సుమారు 40 మంది రాజులు, రాణుల సమాధులు ఇందులో కలవు. డెన్మార్కు, నార్వే, స్వీడన్‌లను ఏకము చేసిన మొదటి మార్గరెట్ (మరణము 1412) సమాధి వీటిలో ప్రసిద్ధమైనది. 1995లో యునెస్కో ఈ చర్చిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఇక్కడ నేటికీ ప్రార్థనలు జరుగుచున్నందున, సందర్శకులు ప్రవేశ వేళలను ముందుగా తెలిసికొనవలెను.

వైకింగు ఓడల ప్రదర్శనశాల

11వ శతాబ్దములో శత్రువుల నౌకలు నగరమునకు రాకుండ, స్కుల్డెలెవ్ గ్రామము వద్ద పాత ఓడలను ముంచి జలమార్గమును మూసివేసిరి. 1962లో పురావస్తు శాస్త్రజ్ఞులు ఆ ప్రదేశము చుట్టూ ఉక్కు గోడ కట్టి, నీటిని తోడి, ఐదు ఓడల శకలములను వెలికితీసిరి. వీటిలో సుమారు 30 మీటర్ల పొడవైన యుద్ధనౌక ఐర్లాండులోని డబ్లిన్ ప్రాంతములో 1042లో నిర్మించబడినదని కలప వలయముల పరీక్ష వలన తెలిసినది. దాని నమూనాగా నిర్మించిన ఓడ 2007లో రోస్కిల్డే నుండి డబ్లిన్‌కు ప్రయాణించినది.

సంరక్షణ సమస్య

ఈ ఓడల కొరకు 1969లో ఒడ్డుననే కాంక్రీటు భవనము ప్రారంభించబడినది. ఉప్పుగాలి వలన కాంక్రీటు దెబ్బతినినది. 2013 డిసెంబరు తుఫానులో నీటిమట్టము పెరిగి ఓడలకే ప్రమాదము ఏర్పడినది. ఈ భవనమునకు ఇచ్చిన వారసత్వ రక్షణను 2018లో ప్రభుత్వము తొలగించినది. భవనమును కాపాడవలెనా, ఓడలను కాపాడవలెనా అను వివాదములో ఓడలకే ప్రాధాన్యము లభించినది.