పురుషుల షెడ్లు: పని చేస్తూ మనసు విప్పే చోటు

ఆస్ట్రేలియాలో ‘మెన్స్ షెడ్’ అంటే ఊళ్ళో మగవాళ్ళంతా కలిసి వాడుకునే పనిశాల. రేకుల కప్పు, పొడవాటి పనిబల్లలు, గోడకు వరసగా తగిలించిన రంపాలు, ఉలులు, చిత్రికలు, ఒక మూల లేత్ మిషన్, ఇంకో మూల టీ పెట్టుకునే కెటిల్. వారంలో కొన్ని రోజులే తలుపులు తెరుస్తారు. వచ్చేవారిలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళు. భార్య పోయి ఒంటరిగా మిగిలినవాళ్ళు, ఉద్యోగం ఊడినవాళ్ళు, జబ్బుపడి కోలుకుంటున్నవాళ్ళు కూడా ఉంటారు. ఎవరికి చేతనైన పని వాళ్ళు చేసుకుంటారు, మధ్యలో కలిసి టీ తాగుతారు. చూసేవాళ్ళకు కనిపించేది ఇంతే. అయితే సలహా కేంద్రాలకూ ఆరోగ్య శిబిరాలకూ ఎంత పిలిచినా రాని మగవాళ్ళు ఈ షెడ్డుకు మాత్రం పిలవకుండానే వస్తున్నారు. ఎందుకు వస్తున్నారన్నదే ఇక్కడ అర్థం చేసుకోవలసిన సంగతి.

ఇంటి పెరట్లో షెడ్డు ఉండడం ఆస్ట్రేలియన్లకు పాత అలవాటు. విరిగిన కుర్చీ బాగుచేయడం, పాత రేడియో విప్పి చూడడం, ఏ పనీ లేకపోతే ఊరికే కాసేపు కూర్చోవడం, అన్నీ అక్కడే. 1995లో మార్క్ థామ్సన్ ‘బ్లోక్స్ అండ్ షెడ్స్’ అనే పుస్తకం కేవలం ఇలాంటి షెడ్ల మీదా వాటిలో గడిపే మగవాళ్ళ మీదా తెచ్చారంటే ఆ అలవాటు ఎంత లోతైనదో తెలుస్తుంది. రిటైరయ్యాక పెద్దిల్లు అమ్మి చిన్న ఇంటికో, వృద్ధుల కాలనీకో మారినప్పుడు ఆ షెడ్డు పోతుంది. అప్పటికే ఆఫీసు పోయింది, తోటి ఉద్యోగులు దూరమయ్యారు. స్నేహాలన్నీ పనిచోటే పెనవేసుకున్న మనిషికి పని ఆగిన రోజునే పలకరింపులూ ఆగిపోతాయి. చుట్టాలతో, ఇరుగుపొరుగుతో రాకపోకలు చాలా ఇళ్ళలో భార్య చేతుల మీదుగానే నడుస్తాయి కాబట్టి, ఆమె పోతే ఆ దారీ మూసుకుపోతుంది.

ఆ పెరటి షెడ్డునే ఊరి ఉమ్మడి షెడ్డుగా మార్చడం 1990లలో మొదలైంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని గూల్వాలో 1993లో మాక్సిన్ ఛేజ్‌లింగ్ అనే మహిళ చొరవతో ఇలాంటి షెడ్డు ఒకటి వెలిసింది. విక్టోరియా రాష్ట్రంలో టొంగాలా అనే పాడిరైతుల ఊళ్ళో 1998 జులై 26న డిక్ మెక్‌గోవన్ అనే వ్యక్తి పేరిట తెరిచినది ‘మెన్స్ షెడ్’ అన్న పేరు పెట్టుకున్న మొదటి షెడ్డు. అదే ఏడాది సిడ్నీ శివార్లలోని లేన్ కోవ్‌లో ఇంకొకటి వచ్చింది. ఒకదాన్ని చూసి మరొకటి ఏ ఊరికి ఆ ఊరే పెట్టుకున్నవే తప్ప, పైనుంచి దిగిన పథకం కాదు. 2005లో లేక్స్ ఎంట్రన్స్‌లో తొలి జాతీయ సదస్సు జరిగింది, 2007లో ఆస్ట్రేలియన్ మెన్స్ షెడ్స్ అసోసియేషన్ ఏర్పడింది. 2010లో ప్రభుత్వం ప్రకటించిన జాతీయ పురుషుల ఆరోగ్య విధానం షెడ్లకు నిధులిచ్చింది. ఇప్పుడు ఆ దేశంలో వెయ్యికి పైగా షెడ్లున్నాయి.

ఈ ఉద్యమాన్ని ఏళ్ళ తరబడి దగ్గరుండి చూసినవారు బల్లారత్‌కు చెందిన వయోజన విద్యా పరిశోధకుడు బ్యారీ గోల్డింగ్. ఆయన తేల్చిన విషయాల్లో ముఖ్యమైనది ఇది: షెడ్డులో మగవాణ్ణి ఎవరూ రోగి అనరు, విద్యార్థి అనరు, లబ్ధిదారు అనరు. అతనిలో లోపం ఉంది, దాన్ని సరిచేయాలి అన్న చూపు అక్కడ ఉండదు. చిన్నప్పుడు బడిలో దెబ్బలూ అవమానాలూ తిని మధ్యలో మానేసినవాళ్ళు షెడ్లకు చాలామంది వస్తారు. ‘వయోజన విద్యా తరగతులు’ అని బోర్డు పెడితే వాళ్ళు ఆ వైపు కూడా రారు. ‘ఈ కుర్చీకి కాలు ఊడింది, కాస్త చూస్తారా’ అంటే మాత్రం చొక్కా చేతులు మడుచుకుని లోపలికి వస్తారు.

షెడ్ల వాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది: మగవాళ్ళు ముఖాముఖి కూర్చుని మాట్లాడరు, భుజం భుజం ఆనించి మాట్లాడతారు అని. పక్షులకు గూటి పెట్టెలు చేస్తున్న ఇద్దరు ముసలివాళ్ళను ఊహించుకుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఒకరు చెక్కకు ఉప్పుకాగితం పడుతుంటారు, రెండోవారు పట్టిన ముక్కకు మేకులు కొడుతుంటారు. ఇద్దరి చూపూ చెక్క మీదే. ‘రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదోయ్’ అని ఒకరంటారు. జవాబు వెంటనే రాదు, రావలసిన పనీ లేదు. ఇంకో రెండు మేకులు దిగాక ‘మా ఆవిడ పోయిన కొత్తలో నాకూ అంతే’ అని రెండోవారంటారు. కళ్ళలోకి కళ్ళు పెట్టి చూడాల్సిన అవసరం లేకపోవడం, చేతులకు పని ఉండడం, మౌనం ఇబ్బందిగా తోచకపోవడం, ఈ మూడూ కలిస్తేనే అలాంటి మాట బయటికొస్తుంది.

చదువు కూడా ఇలాగే చాటుగా జరుగుతుంది. ఏ మిషనైనా వాడే ముందు తెలిసినవాళ్ళు దగ్గరుండి చూపించాలన్నది షెడ్డు కట్టుబాటు. కంటికి అద్దాలు, చెవికి రక్షణ లేకుండా మిషన్ దగ్గరికి రానివ్వరు. వడ్రంగం, వెల్డింగ్‌తో మొదలైన నేర్పు కంప్యూటర్, ప్రథమ చికిత్స దాకా పోతుంది. వంట తరగతులైతే మరీ అవసరం. యాభై ఏళ్ళు భార్య చేతి అన్నం తిన్న మనిషికి ఆమె పోయాక గుడ్డు ఉడికించుకోవడం కూడా కొత్త విద్యే. కొన్ని షెడ్లు బడి పిల్లలను తీసుకొచ్చి పెద్దల పక్కన పనిలో నిలబెడతాయి. చేసిన బొమ్మలు ఆస్పత్రులకూ, బల్లలు పార్కులకూ, బాగుచేసిన సైకిళ్ళు లేనివాళ్ళకూ వెళతాయి. తన చేతి పని ఎవరికో అక్కరకొచ్చిందన్న సంగతి ఆ మనిషిని మరుసటి వారం మళ్ళీ షెడ్డుకు నడిపిస్తుంది.

ఆరోగ్యం సంగతీ పనివాళ్ళ భాషలోనే చెబుతారు. బండి చెడితే ‘షెడ్డుకెళ్ళింది’ అనే తెలుగువాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గాస్కోయిన్ ప్రాంతంలో పుట్టిన ‘పిట్ స్టాప్’ అనే కార్యక్రమం మగవాడి ఒంటిని బండిలాగే తనిఖీ చేస్తుంది. రక్తపోటు అంటే ఆయిల్ ప్రెషర్, నడుము కొలత ఛాసిస్, పొగతాగే అలవాటు సైలెన్సర్, మనసు ఒత్తిడిని తట్టుకునే శక్తి షాక్ అబ్జార్బర్లు. ఐర్లండ్ షెడ్ల సంఘం నడిపే ‘షెడ్స్ ఫర్ లైఫ్’ పది వారాల కార్యక్రమం. అక్కడ ఆరోగ్య సిబ్బందే షెడ్డుకు వస్తారు.

షెడ్డు ఆస్పత్రికి బదులు కాదు. తీవ్రమైన కుంగుబాటులో ఉన్న మనిషిని గుర్తించి సరైన చోటికి చేర్చడం వరకే దాని పని. అందుకు తగిన సేవలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. 2001 నుంచి నడుస్తున్న ‘మెన్స్‌లైన్’లో ఏ వేళ ఫోన్ చేసినా మాట్లాడేవారుంటారు. భవన నిర్మాణ కార్మికుల ఆత్మహత్యలను ఆపాలని 2008లో క్వీన్స్‌లాండ్‌లో మొదలైన ‘మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్’ పనిచోట ఉన్నవాళ్ళకే శిక్షణ ఇస్తుంది. శిక్షణ పొందినవాళ్ళ హెల్మెట్ మీద స్టిక్కర్ ఉంటుంది. బాధలో ఉన్నవాడికి ఎవరితో మాట్లాడాలో అడగనవసరం లేకుండా కనిపిస్తుంది.

షెడ్లకు కష్టాలూ ఉన్నాయి. అద్దె, బీమా, కరెంటు ఖర్చుల కోసం సంతల్లో వస్తువులమ్మి, సాసేజ్‌లు కాల్చి అమ్మి డబ్బు పోగేసుకుంటారు. నడిపేవాళ్ళే ముసలివాళ్ళవుతుంటారు. ఆడవాళ్ళను చేర్చుకోవాలా అన్నది ఒక్కో షెడ్డు ఒక్కోలా తేల్చుకుంది. కొన్ని వాళ్ళకు వేరే రోజులు కేటాయించాయి, కొన్నిచోట్ల ఆడవాళ్ళు సొంత షెడ్లే పెట్టుకున్నారు. షెడ్ల మేలు గురించిన అధ్యయనాలు ఎక్కువగా సభ్యులు చెప్పిన మాటల మీద ఆధారపడినవే కాబట్టి, జబ్బులు ఇంత తగ్గాయని అంకెల్లో చెప్పడం తొందరపాటు. ఒంటరితనం తగ్గిందన్న మాట మాత్రం వాటిలో పదేపదే వినిపిస్తుంది. ఐర్లండ్‌లో 2011లో, బ్రిటన్‌లో 2013లో జాతీయ సంఘాలు ఏర్పడ్డాయి. న్యూజిలాండ్, కెనడా, డెన్మార్క్, అమెరికాల్లోనూ షెడ్లు వచ్చాయి.

తెలుగునాట రచ్చబండ, వీధి అరుగు, టీ కొట్టు కొంతవరకు ఈ పని చేశాయి. ఊరు విడిచి నగరంలో కొడుకు ఫ్లాటుకు చేరిన తండ్రికి అవి అందుబాటులో లేవు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2021లో మన దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకుంటే, వారిలో 1,18,979 మంది మగవాళ్ళు. 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. వృద్ధుల కోసం 14567 సహాయ నంబరు ఉంది. ఫోన్ చేయడానికి మనసొప్పని మనిషి కోసం కాలనీ సెల్లార్‌లో ఒక పనిబల్ల, నాలుగు పనిముట్లు, ఫ్లాస్కులో టీతో మొదలుపెట్టవచ్చు. గూల్వాలోనూ, టొంగాలాలోనూ షెడ్లు పైనుంచి దిగిన పథకంతో మొదలైనవి కావు.