కనీస మొత్తం కడితే కార్డు బాకీ తీరుతుందా?



ఈ వేళ నేను చెప్పబోయేది వంటా కాదు, కుట్లూ అల్లికలూ కాదు. మా ఇంట్లో ఒక అప్పు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో చెబుతాను. ఇంటి గుట్టు రేడియోలో చెప్పుకోవడమేమిటని మావారు ముందు ఒప్పుకోలేదు. మనలాంటివాళ్ళు ఇంకా ఎందరున్నారో, వాళ్ళకైనా పనికి వస్తుందండీ అని నచ్చజెప్పి వచ్చాను.

మాది విజయనగరం. ముందటేడు దసరాల్లో మా ఫ్రిజ్ పాడైంది. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మవారి సిరిమాను అంటే మా ఊళ్ళో ఇంటినిండా చుట్టాలే గదా! చేతిలో డబ్బు లేదు. మావారికి బ్యాంకువారిచ్చిన క్రెడిట్ కార్డు ఒకటి బీరువాలో పడి ఉంది, దానికి అనుబంధంగా నా పేర ఇంకొకటి. ఆ కార్డు గీసి ఫ్రిజ్ కొన్నాం. ఆ ఊపులోనే ఆడపడుచులకు చీరలు కొన్నాం. కార్తీకమాసంలో మా అత్తగారి కంటి ఆపరేషను, ఆ తరువాత అమ్మాయి కాలేజీ ఫీజులో కొంత. సంక్రాంతి నాటికి బాకీ అరవై వేలు అయింది.

ఇక్కడ నా తెలివితక్కువ చెప్పాలి. బిల్లు నా ఫోనుకే వచ్చేది. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది కనీసం కట్టవలసిన మొత్తం. ఆ రెండోది మూడు వేలని ఉంటే, అదే మన వాయిదా కాబోలనుకున్నాను. టీవీ వాయిదాల మీద కొన్నప్పుడు నెలనెలా కట్టి తీర్చలేదూ, అలాగేనని. "ఈ నెల కార్డుకి మూడు వేలండీ" అని మావారిని అడగడం, ఆయన ఇవ్వడం, నేను కట్టేయడం. మధ్య మధ్య చేతిలో డబ్బు చాలకపోతే నెల సరుకులు కూడా ఆ కార్డు మీదే తెచ్చేదాన్ని. అలా ఎనిమిది నెలలు గడిచాయి. శ్రావణమాసంలో గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో జాకెట్టు గుడ్డలు తీసుకుని కార్డు ఇస్తే, "ఇది పనిచేయడం లేదమ్మా, పరిమితి అయిపోయిందంటోంది" అన్నాడు. నలుగురి ముందూ గుడ్డలు వెనక్కిచ్చి వచ్చేశాను.

ఆ రాత్రి బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మా అత్తగారికి చదువు రాదు గాని వడ్డీ లెక్కలు కొసనాలుక మీదుంటాయి. "నూటికెంతేటే అమ్మా వడ్డీ?" అన్నారు. బిల్లులో నెలకు మూడున్నర శాతమని ఉంది. మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద మళ్ళీ నూటికి పద్దెనిమిది చొప్పున జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు! "నాలుగు రూపాయలే! మా ఊరి షావుకారు రెండు రూపాయలంటేనే నలుగురూ తిట్టుకునేవారు గదే" అని ముక్కున వేలేసుకున్నారావిడ.

అందరు బ్యాంకులవాళ్ళూ ఒకే వడ్డీ వేయరు. మూడు, మూడున్నర, మూడుముప్పావు, ఇలా ఉంటాయి. మీ బిల్లులో ఎంతో చూసుకోండి. కనీస మొత్తం కూడా చాలా కార్డులకు బాకీలో నూటికి ఐదు చొప్పున ఉంటుంది. ఇప్పుడు మా లెక్కే చూడండి. అరవై వేల బాకీకి మూడు వేలు కడితే మిగిలేది యాభైయేడు వేలు. దానిమీద నెల వడ్డీ 1,995, జీఎస్టీ 359. మరుసటి నెల బిల్లు 59,354. అంటే మూడు వేలు పోసినా బాకీ తగ్గింది 646 రూపాయలే. కొత్తగా ఒక్క రూపాయి కూడా వాడకుండా ఇలా ఏడాది పొడుగునా కడితే మన చేతినుంచి పోయేది సుమారు 34,000, తగ్గే బాకీ సుమారు 7,300. మేము మధ్యలో సరుకులు కూడా తెచ్చుకున్నాం గనుక ఎనిమిది నెలలైనా బాకీ అరవై వేల దగ్గరే ఉంది. నేను కట్టినదంతా వడ్డీకి ధర్మమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది, ఇది చాలామందికి తెలియదు. కార్డు మీద కొన్నదానికి నలభైయైదు యాభై రోజుల దాకా వడ్డీ ఉండదంటారు. నిజమే, ఎవరికి? కిందటి బిల్లు పూర్తిగా కట్టినవారికి. పాత బాకీ కొంచెం నిలిచినా ఆ సదుపాయం పోతుంది. అప్పుడు కొత్తగా కొన్న కందిపప్పుకి కూడా కొన్న రోజునుంచే వడ్డీ. కార్డుతో మిషనులోంచి నగదు తీస్తే ఇక చెప్పనే అక్కరలేదు, తీసిన రోజునుంచే వడ్డీ, పైగా తీసినందుకు వేరే రుసుము. కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ పోతే బాకీ ఏళ్ళతరబడి సాగుతుందన్న హెచ్చరిక బిల్లు మీద వేయాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. మా బిల్లులోనూ ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే నేను చదవలేదు. చదవకపోవడం నా తప్పే.

ఈ కార్డులు నిన్న మొన్న వచ్చినవేమీ కావు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. మన దేశంలో ఆ పని మొదట చేసిన బ్యాంకులలో అదొకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు మాత్రం ఫోనులోకీ చెప్పుల దుకాణంలోకీ కూడా వచ్చేసింది. మన గురజాడవారి గిరీశానికి అలాంటిదొకటి ఉండి ఉంటే, పూటకూళ్ళమ్మ సామాన్లకిచ్చిన ఇరవై రూపాయలు వాడుకుని మొహం చాటేసే అవస్థ తప్పేది, ఇంకా పెద్ద అవస్థ వచ్చేది!

సరే, తీర్చడం ఎలాగ? మావారు ముందు కోప్పడ్డారు, తరువాత ఆయనే కాగితం కలం తీశారు. మొదటి పని, రెండు కార్డులూ పసుపు కుంకుమ డబ్బా వెనకాల దాచేశాం. దాస్తే చాలదని మా అమ్మాయి ఫోనులో కొనుగోళ్ళ యాప్‌లలో ఉన్న కార్డు నంబరు కూడా తీసేసింది. అది మంచి పని. నంబరు అందులో ఉన్నంతకాలం రాత్రి పడుకోబోయే ముందు వేలితో నొక్కితే చాలు, ఏదో ఒకటి కొనేస్తాం.

రెండోది గాజుల సంగతి. బంగారం మీద బ్యాంకులో అప్పు తీసుకుంటే మాకు పడ్డది ఏడాదికి తొమ్మిదిన్నర శాతం, అంటే నెలకు నూటికి ఎనభై పైసల లోపు. నాలుగు రూపాయల పదమూడు పైసల అప్పుని ఎనభై పైసల అప్పుతో మారిస్తే లాభమా కాదా? మా అత్తగారు ఒక్క క్షణంలో "లాభమే" అన్నారు. నాకే మనసొప్పలేదు. పుట్టింటివారు పెట్టిన గాజులు! రెండు రోజులు ఆలోచించి, రెండు గాజులు బ్యాంకులో పెట్టి నలభై వేలు తెచ్చి ఆ రోజే కార్డుకి కట్టేశాం. మిగిలింది ఇరవై వేలు. ఒక మాట చెప్పాలి. గాజులు తాకట్టు పెట్టి కార్డు ఖాళీ చేసి, మళ్ళీ ఆ కార్డే గీస్తే రెండు అప్పులవుతాయి, గాజులూ పోతాయి. కార్డు వాడమని గట్టిగా అనుకోగలిగినవాళ్ళే ఈ దారి తొక్కాలి. బంగారం లేనివారు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో దాచుకున్నది ఉంటే దాన్ని తీసి కట్టడమే నయం. ఏడాదికి ఏడు రూపాయలు తెచ్చే డబ్బుని అట్టే పెట్టుకుని నలభైరెండు రూపాయల వడ్డీ కట్టడం ఏం లెక్క? ఆపదకని ఒక నెల ఖర్చు మాత్రం ఉంచుకోండి.

నెలకు ఏడు వేలు బాకీకి పోవాలని నిర్ణయించాం. మూడు వేలు ఎలాగూ కడుతున్నాం, ఇంకో నాలుగు వేలు ఇంటి ఖర్చులోంచి తీయాలి. ఎక్కడినుంచని అడిగితే నాకు జవాబు తెలియలేదు. అందుకని ఒక నెలరోజులు ఏమీ తగ్గించకుండా, పైసాతో సహా పద్దు రాశాను. మా అమ్మ గోడకి వేలాడదీసిన కేలెండరు మీద పాల లెక్క, చాకలి లెక్క రాసేది. నేను పాత నోటుబుక్కులో రాశాను. అది రాస్తుంటే నాకే సిగ్గేసింది. ఆదివారం బిర్యానీ ఫోనులో తెప్పించుకోవడం నాలుగు వారాలకి 1,800! ఇంట్లో వండితే ఐదు వందలలో నలుగురికీ సరిపోతుంది, అంటే 1,300 మిగులు. పెద్ద దుకాణంలో చక్రాల బుట్ట తోసుకుంటూ వెళ్ళి, రాసుకున్న సరుకులు కాక తెచ్చినవి మరో 1,200. "రెండు కొంటే ఒకటి ఉచితం" అని తెచ్చిన నూడుల్సు గడువు దాటి పారేశాను. ఇప్పుడు కూరలకి పొద్దున్నే రైతుబజారుకి సంచీ పట్టుకుని వెళతాను. పప్పులూ నూనే మా వీధి చివర కొట్లో, చీటీ రాసుకెళ్ళి నగదు ఇచ్చి తెస్తాను. నోటు తీసి ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనకాడుతుంది, కార్డుకి ఆ వెనకాటు లేదు. ఫోనులో కొనే జాకెట్లూ, బొమ్మలూ, ప్లాస్టిక్ డబ్బాలూ వెయ్యి. ఎవరూ చూడని సినిమాల యాప్‌లు రెండు, అవొక రెండు వందలు. మొత్తం 3,700 తేలింది. మిగతా మూడు వందలు మావారు సాయంత్రం ఆఫీసు దగ్గర పకోడీలు మానేసి సర్దారు. ఇది ఆయనను అడక్కుండానే చెబుతున్నాను!

వంటింట్లో తగ్గించడమంటే పొట్ట మాడ్చుకోవడం కాదు. పాలు తగ్గించలేదు, పిల్లల పళ్ళు తగ్గించలేదు, అత్తగారి రక్తపోటు మాత్రలు సరేసరి. పనమ్మాయిని మాన్పించమని ఒకరు సలహా చెప్పారు. నేను చేసిన అప్పు ఆవిడ జీతంలోంచి తీర్చుకోవడం నాకు నచ్చలేదు. వారానికి రెండు రోజులు పనసపొట్టు, అరటిదూట, తోటకూర లాంటివి ఆవ పెట్టి వండాను. పిల్లలు ముందు మొహం చిట్లించారు, తరువాత అడిగి పెట్టించుకున్నారు.

కార్డు మీది ఇరవై వేలూ మూడు నెలల్లో పోయాయి. ఆపైన అదే ఏడు వేలు గాజుల అప్పుకి మళ్ళించాం.

శ్రీకాకుళంలో మా పిన్ని కూతురిది ఇంకా చిక్కు. దానికి మూడు కార్డులు, ఒకదాంట్లో నగదు తీసి ఇంకొకదానికి కట్టేది. అలాంటివారు అన్నిటికీ గడువు తప్పకుండా కనీస మొత్తం కట్టి, మిగిలిన డబ్బంతా వడ్డీ ఎక్కువైనదానికి పోయడం లెక్కకి సరి. మా చెల్లెలు మాత్రం చిన్న బాకీ ముందు తీర్చింది. ఒకటి పోతే ధైర్యం వచ్చిందక్కా అంది. నేను కాదనలేదు. కట్టడం అసలు కుదరనివారు ఫోను ఎత్తకుండా దాక్కోవద్దు. బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని బ్యాంకుకి రాతపూర్వకంగా అడగండి. కొంత తగ్గించుకుని రాజీ చేసుకోమంటారు, దానికి ఒప్పుకుంటే ఆ సంగతి మీ రుణ చరిత్రలో నమోదవుతుంది, రేపు ఇంటి అప్పుకి వెళితే అడ్డం పడుతుంది. వసూలుకి వచ్చేవారు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తరువాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో చెప్పింది. బెదిరిస్తే ముందు బ్యాంకుకి ఫిర్యాదు రాయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పంపవచ్చు. వివరాలకి 14448.

బాకీ తీరాక కార్డు రద్దు చేయమని రాసి ఇచ్చాం. బాకీ లేనప్పుడు అడిగిన ఏడు పని దినాలలో మూసేయాలి, ఆలస్యం చేస్తే రోజుకి 500 రూపాయలు మనకే ఇవ్వాలని 2022 నాటి నియమం. మాది నాలుగో రోజునే మూశారు.

పదో నెలలో గాజులు ఇంటికి వచ్చాయి. మొత్తం మీద వడ్డీ మూడు వేల లోపే అయింది. సంచీలోంచి తీసి చూపిస్తే మా అత్తగారు అటూ ఇటూ తిప్పి, "తూకం వేయించి తెచ్చావేటే?" అన్నారు. వేయించాననే చెప్పాను.