పక్షవాతం ఇంజెక్షన్‌కు ముందు రక్తపరీక్షలు ఎంతవరకు?

పక్షవాతం రోగిని ఆస్పత్రికి చేర్చాక ‘ల్యాబ్ రిపోర్టు రావాలి’ అనగానే బంధువుల్లో ఆందోళన మొదలవుతుంది. ఆ ఆందోళన అర్థరహితమేమీ కాదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికా నిపుణుడు లెక్కగట్టారు. గడ్డను కరిగించే ఆల్టెప్లేస్, టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్లను సాధారణంగా లక్షణాలు కనిపించిన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

అయితే గడ్డను కరిగించే మందే రక్తస్రావానికీ దారితీయవచ్చు. 1995లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఆల్టెప్లేస్ పొందిన వారిలో 6.4 శాతం మందికి, పొందని వారిలో 0.6 శాతం మందికి మెదడులో లక్షణాలతో కూడిన రక్తస్రావమైంది. అయినప్పటికీ 3 నెలల తరువాత చూస్తే, వైకల్యం లేకుండా కోలుకున్నవారు మందు పొందిన వారిలోనే ఎక్కువ. అందుకే రక్తం గడ్డకట్టే శక్తి ఎలా ఉందో చూస్తారు. ఐఎన్ఆర్ 1.7 దాటినా, ప్లేట్‌లెట్లు లక్షకన్నా తగ్గినా ఈ ఇంజెక్షన్ సాధారణంగా ఇవ్వరు.

మరి రిపోర్టు వచ్చేదాకా అందరూ ఆగాలా? అక్కర్లేదు. సీటీ స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదని తేలాలి. చక్కెర బాగా పడిపోయినా పక్షవాతం లక్షణాలే కనిపిస్తాయి కనుక వేలికొన నుంచి చుక్క రక్తం తీసి గ్లూకోజ్ చూడాలి. రక్తం పలచబరిచే మందులు వాడని, రక్తస్రావ వ్యాధులేవీ లేని రోగికి మిగతా పరీక్షల కోసం ఆలస్యం చేయవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నమూనా ల్యాబ్‌కు పంపి, చికిత్స ఆరంభించవచ్చు. ఆల్టెప్లేస్‌లో ఎక్కువ భాగం గంటసేపు డ్రిప్‌గా ఎక్కుతుంది. ఈలోగా రిపోర్టు తేడాగా వస్తే ఆపేయవచ్చు. ఒకేసారి ఇచ్చేసే టెనెక్టెప్లేస్‌లో ఆ వెసులుబాటు లేదు.

గుండె కవాటం మార్చుకుని వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవారి సంగతి వేరు. వారికి ఐఎన్ఆర్ తెలియకుండా ఇంజెక్షన్ ఇవ్వరాదు. అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డాబిగాట్రాన్ వాడేవారిలో ఐఎన్ఆర్ మామూలుగానే ఉండి మందు ప్రభావం మాత్రం కొనసాగుతుండవచ్చు. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో, అందునా గత 48 గంటల్లో వేసుకున్నారో లేదో చెప్పడం ముఖ్యం. ఆస్పిరిన్ వాడుతున్నంత మాత్రాన చికిత్సకు అడ్డంకి కాదు.

‘గుండె మాత్రలు వాడుతున్నారు’ అన్న మాట వైద్యునికి చాలదు. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా మాత్రల స్ట్రిప్పులు, పాత ఐఎన్ఆర్ చీటీ సంచిలో వేసుకోవాలి. రోగి చివరిసారి మామూలుగా కనిపించిన సమయాన్ని కాగితంపై రాసుకోవాలి.