ఒక్క పరమాణువు మందంలో సిలికాన్

కంప్యూటర్ చిప్పులు సిలికాన్‌వి, సౌరఫలకాలూ ఎక్కువగా సిలికాన్‌వే. ఎల్‌ఈడీ దీపాలకు మాత్రం గాలియం నైట్రైడ్ వంటి పదార్థాలు కావలసి వచ్చాయి. సిలికాన్ స్ఫటికంలో 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అంతరం ఉంది. ఆ అంతరం దాటి పైకెక్కిన ఎలక్ట్రాన్ కిందికి దిగాలంటే శక్తిని వదిలితే చాలదు, ద్రవ్యవేగాన్నీ మార్చుకోవాలి. ఆ మార్పును కాంతికణం మోయలేదు. స్ఫటిక కంపనం తోడు రావాలి. ఆ తోడు దొరికేలోగా శక్తి చాలావరకు వేడిగా మారిపోతుంది. అందుకే సిలికాన్ వెలగదు.

దాన్ని ఒకే పరమాణు పొరగా మార్చితే ఎలా ఉంటుందో 1994లో జపాన్‌కు చెందిన టకేడా, షిరాయిషి లెక్కగట్టారు. ఆ పొరకు సిలిసీన్ అనే పేరు 2007లో వచ్చింది. 2012లో వెండి స్ఫటికం మీద ఆ పొరను పెంచగలిగారు. ఒకే పరమాణు పొర కార్బన్ అయిన గ్రాఫీన్‌లాగే ఇదీ షడ్భుజాల అల్లికే, కానీ చదును కాదు. సిలికాన్ బంధాలు పొడవైనవి కావడంతో ఒక పరమాణువు కాస్త పైకి, దాని పొరుగుది కాస్త కిందికి జరుగుతాయి. గణనల ప్రకారం ఆ ఎత్తు తేడా సుమారు 0.45 ఆంగ్‌స్ట్రామ్.

గ్రాఫీన్ తనపై పడిన కాంతిలో 2.3 శాతాన్ని పీల్చుకుంటుందని 2008లో ప్రయోగం తేల్చింది. విచిత్రమేమంటే, ఆ అంకెలో కార్బన్ ప్రమేయమే లేదు. 3.14 అనే పై (π) విలువను సూక్ష్మ నిర్మాణ స్థిరాంకంతో, అంటే సుమారు 1/137తో గుణిస్తే వచ్చేదే అది. అందుకే వంకరలున్న సిలిసీన్ కూడా పరారుణ కాంతిని ఇదే నిష్పత్తిలో పీల్చాలని సిద్ధాంతం చెబుతోంది. అంత పలుచని పొరకు ఇది తక్కువేమీ కాదు! పైగా ఆ వంకర వల్ల ఒక సౌలభ్యం ఉంది. పొరకు నిలువుగా విద్యుత్ క్షేత్రం పెడితే, పై పరమాణువులకూ కింది పరమాణువులకూ పొటెన్షియల్ వేరవుతుంది. దాంతో శక్తి అంతరం తెరుచుకుంటుంది. ఏ కాంతి నుంచి పీల్చడం మొదలవ్వాలో బయటి నుంచే మార్చవచ్చు. చదునైన ఒంటిపొర గ్రాఫీన్‌కు ఈ వీలు లేదు.

ఇదంతా ఆధారం లేకుండా నిలిచిన పొర మాట. వెండిమీది సిలిసీన్‌లో ఎలక్ట్రాన్లు వెండి ఎలక్ట్రాన్లతో కలిసిపోయి ఆ గుణాలు చెదురుతాయి. వెండి నుంచి విడదీస్తే గాలికి పాడవుతుంది. 2015లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వెలువరించిన సిలిసీన్ ట్రాన్సిస్టర్ నిలిచింది నిమిషాలే.

కాంతి పరికరాలకు సిలాక్సీన్ అనే మరో సిలికాన్ పదార్థం దగ్గరి దారి అని నా అంచనా. కాల్షియం డైసిలిసైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే కాల్షియం కరిగిపోతుంది. హైడ్రోజన్, హైడ్రాక్సిల్ సమూహాలను కప్పుకున్న పలుచని సిలికాన్ పొరలు మిగులుతాయి. ఇలాంటి పదార్థాన్ని రసాయనశాస్త్రవేత్త వోలర్ 1863లోనే వర్ణించాడు. సిలిసీన్ కాంతి గుణాలు నేటికీ ఎక్కువగా లెక్కల్లోనే ఉన్నాయి. సిలాక్సీన్ పచ్చని వెలుగును మాత్రం అతినీలలోహిత దీపం కింద కంటితో చూడవచ్చు.