షుగర్ ఉన్నవారి కాలి పుండు: నొప్పి లేదని వదిలేస్తేనే ముప్పు

చెప్పులో చిన్న రాయి పడితే ఎవరైనా రెండడుగుల్లోనే ఆగి దులిపేసుకుంటారు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో కొందరు అదే రాయితో సాయంత్రం దాకా నడిచినా వాళ్లకు తెలియదు. పుండు పడ్డాక కూడా నొప్పి ఉండదు. ‘నొప్పి లేదు కదా, అదే మానుతుందిలే’ అనుకోవడంలోనే అసలు ప్రమాదం ఉంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. షుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చిన వారిలో ఎక్కువ మందికి కథ మొదలయ్యేది ఒక చిన్న పుండుతోనే.

ఎందుకిలా అవుతుంది?

రక్తంలో చక్కెర చాలాకాలం అదుపు తప్పితే పాదాల నరాలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, అరికాళ్లలో మంటలు వస్తాయి. కొన్నాళ్లకు మంట తగ్గిందని సంతోషించేలోపు స్పర్శే పోయి ఉండొచ్చు. మరోవైపు రక్తనాళాలు సన్నబడి పాదానికి రక్తం సరిగా అందదు, అందుకే గాయం త్వరగా మానదు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఈ నష్టం ఇంకా ఎక్కువ.

రోజూ ఏం చేయాలి?

* రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, మడమలు, వేళ్ల మధ్య చూసుకోవాలి. వంగలేనివారు నేల మీద అద్దం పెట్టుకోవచ్చు. చూపు తగ్గినవారికి ఇంట్లోవాళ్లు చూడాలి.
* వజూ చేసేవారు రోజులో చాలాసార్లు కాళ్లు కడుగుతారు. ప్రతిసారీ వేళ్ల మధ్య తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. తడి నిలిస్తే చర్మం నాని ఒరుసుకుపోతుంది, ఫంగస్ పడుతుంది.
* ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగొద్దు. ఎండాకాలం మసీదు, దర్గా ఆవరణల్లో బండలు కాలిపోతుంటాయి. స్పర్శ లేనివారికి బొబ్బలు వచ్చేదాకా తెలియదు.
* చెప్పులకు వెనక బెల్టు ఉండాలి. స్పర్శ తగ్గినవారు డాక్టర్‌ను అడిగి మెత్తటి ఎంసీఆర్ చెప్పులు తీసుకోవాలి. వేసుకునే ముందు లోపల చేత్తో తడిమి చూడాలి.
* ఆనెలను బ్లేడుతో కోయొద్దు. తిమ్మిర్లు పోతాయని వేడినీళ్ల కాపడం పెట్టొద్దు.

పుండు పడితే?

శుభ్రమైన నీళ్లతో కడిగి, పొడి గుడ్డ కట్టి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. పసుపు, సున్నం, ఆకు పసర్లు పెట్టొద్దు. ముఖ్యంగా ఆ కాలి మీద బరువు పడకూడదు. అరికాలి పుండు మీదే నడుస్తూ ఉంటే ఎన్ని మందులు వాడినా మానదు. తోపుడు బండి నడిపేవాళ్లకు, రోజు కూలీలకు కష్టమైన మాట ఇదే. కానీ కొన్ని వారాల సంపాదన చూసుకుంటే జీవితాంతం పనిచేయాల్సిన కాలే పోవచ్చు.

ఎర్రబడటం, వాపు, చెడు వాసన, చర్మం నల్లబడటం, జ్వరం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పుండు లేకున్నా ఒక పాదం వేడెక్కి వాచితే తేలిగ్గా తీసుకోవద్దు.

ఏడాదికోసారి పరీక్ష

సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శ ఎంత ఉందో డాక్టర్లు చూస్తారు. దీనికి కొన్ని నిమిషాలే పడుతుంది. హైదరాబాద్‌లో షుగర్ పరీక్ష, మందులు బస్తీ దవాఖానాల్లో ఉచితం. ఈసారి షుగర్ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, డాక్టర్ అడగకపోయినా చెప్పులు విప్పి పాదాలు చూపించండి.