జీతము, దానము, కృప: పౌలు లేఖలలోని స్వాతంత్ర్య బోధ - కొల్లాపూర్ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం

పౌలు గలతీయులకు, రోమీయులకు రాసిన లేఖలలో కృప, ధర్మశాస్త్రం, స్వాతంత్ర్యం అనే మూడు భావనలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. తెలుగు బైబిలు వీటిని ‘జీతము’, ‘దానము’, ‘కృపావరము’, ‘ధర్మశాస్త్రము’ వంటి మాటలతో వ్యక్తం చేసింది. పూర్వపు కొల్లాపూర్, గద్వాల, వనపర్తి సంస్థానాల ప్రాంతంలో ఈ మాటలకు తమవైన సామాజికార్థాలు ఉన్నాయి. ఆ అర్థాల వెలుగులో పౌలు బోధను వివరించడం ఈ వ్యాస లక్ష్యం. పుచ్చుకునేవాని యోగ్యతను చూడకుండా ఇచ్చేదే కృప. కనుక విశ్వాసులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి మరో అర్హతను షరతుగా పెట్టడం కృపను నిరాకరించడమేనని, నియమాలకు చోటు కృప తరువాతనేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పౌలు, కృప, ధర్మశాస్త్రం, స్వాతంత్ర్యం, పంక్తిభేదం, జీతం, కొల్లాపూర్, తెలుగు క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం

నల్లమల అంచున, కృష్ణానదికి చేరువలో ఉన్న కొల్లాపూర్ ఒకప్పుడు సురభి వంశస్థులు ఏలిన జటప్రోలు సంస్థానానికి రాజధాని. నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. నిజాం రాజ్యంలో భాగంగా ఉంటూనే జటప్రోలు, గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితులను, కవులను ఆదరించాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఆ విధంగానే వచ్చింది. అదే నేలకు కరువు, వలస, వెట్టిచాకిరి కూడా పరిచితమే.

ఈ ప్రాంతానికి ప్రొటెస్టెంట్ క్రైస్తవం ప్రధానంగా బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ల ద్వారా చేరింది. రష్యా నుండి వచ్చిన మెన్నొనైట్ దంపతులు అబ్రహాం ఫ్రీసెన్, మరియా 1890లో నల్లగొండలో పని ఆరంభించారు. 1899లో అమెరికా నుండి ఎన్. ఎన్. హీబర్ట్ వచ్చారు. తరువాత నాగర్‌కర్నూల్, వనపర్తి వంటి చోట్ల మిషన్ కేంద్రాలు ఏర్పడ్డాయి. సంఘాలలో చేరినవారిలో అత్యధికులు దళితులు. ఊరికి వెలుపల బతికిన ఈ సమాజానికి ‘ఎవరు లోపలివారు, ఎవరు వెలుపలివారు’ అన్నది అనుదిన జీవిత సమస్య. పౌలు లేఖలు పుట్టింది కూడా ఆ ప్రశ్న నుండే.

2. అంతియొకయలో పంక్తిభేదం

క్రీస్తుశకం మొదటి శతాబ్ది నడిమి దశాబ్దాలలో పౌలు తన లేఖలు రాశాడు. యూదులు కానివారిని బైబిలు ‘అన్యజనులు’ అంటుంది. వారు క్రీస్తును నమ్మినప్పుడు సున్నతి పొంది, మోషే ధర్మశాస్త్రాన్ని ఆచరించి తీరాలా అన్న వివాదం గలతీ సంఘాలలో తలెత్తింది. ఆ సందర్భంలో పౌలు ఒక పూర్వ సంఘటనను గుర్తుచేస్తాడు (గలతీ 2:11-14). అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కలిసి భోజనం చేశాడు. యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే భయపడి వెనుకకు తగ్గి వేరుపడ్డాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. పౌలు అందరి ఎదుట పేతురును నిలదీశాడు.

ఇక్కడ పేతురు సిద్ధాంతాన్ని మార్చుకోలేదు, కూర్చునే చోటును మార్చుకున్నాడు. తెలుగువారి మాటలో ఇది పంక్తిభేదం. విశ్వాసం వలన నీతిమంతులుగా తీర్చబడడం అన్న పౌలు ప్రసిద్ధ సూత్రం ఈ భోజనపంక్తి ప్రస్తావన వెంటనే వస్తుంది (గలతీ 2:15-16). ఒకే దేవుడు ఒకే రీతిగా అంగీకరించినవారిని వేరువేరు పంక్తులలో కూర్చోబెట్టడం సువార్తకే విరుద్ధమని పౌలు వాదన. కొరింథులో ఇదే దోషం ఆర్థిక రూపంలో కనిపించింది. ఉన్నవారు ముందుగా తిని తృప్తిపడగా లేనివారు ఆకలితో మిగిలిపోయారు. అలా చేసేది ప్రభువు రాత్రి భోజనమే కాదని పౌలు తేల్చిచెప్పాడు (1 కొరింథీ 11:20-22).

3. పాత్రత చూడని దానం

‘కృప’ అని తెలుగులోకి వచ్చిన గ్రీకు పదం ‘ఖారిస్’. దానికి వరం, ఉపకారం, అనుగ్రహం అన్న అర్థాలున్నాయి. దానానికి దేశం, కాలం, పాత్ర చూడాలన్నది భారతీయ సంప్రదాయం. అర్హుడు కానివానికి ఇవ్వడాన్ని ‘అపాత్రదానం’ అని నిందించడం నేటికీ తెలుగు నుడికారంలో ఉంది. సంస్థానాధీశుల కవిసత్కారాలు, వేదపండితులకు ఇచ్చిన మాన్యాలు ఈ పాత్రతా భావన మీదనే నిలిచాయి. రోమన్ లోకం కూడా ఇలాగే ఆలోచించింది. తత్వవేత్త సెనెకా ఉపకారాలను గురించిన తన గ్రంథంలో పుచ్చుకునేవారిని వివేకంతో ఎంచుకోవాలని చెప్పాడు.

ఈ నేపథ్యంలో చూస్తే పౌలు మాట ఎంత కొత్తదో తెలుస్తుంది. క్రీస్తు బలహీనుల కోసం, భక్తిహీనుల కోసం, శత్రువుల కోసం చనిపోయాడని అతడు అంటాడు (రోమా 5:6-10). లోకరీతిలో ఇది అపాత్రదానమే. జాన్ బార్క్లే 2015లో వెలువరించిన ‘పాల్ అండ్ ది గిఫ్ట్’ గ్రంథం ఈ అంశాన్నే విపులంగా చర్చించింది. పుచ్చుకునేవాని యోగ్యతకూ వరానికీ పొంతన లేకపోవడమే పౌలు కృపాభావనలో ప్రధాన లక్షణమని బార్క్లే నిర్ధారించాడు. అయితే ఆ వరం ప్రతిస్పందనను ఆశించనిది కాదని కూడా ఆయన వివరించాడు. యోగ్యత చూడకుండా ఇచ్చిన వరం పుచ్చుకున్నవాని జీవితాన్ని మారుస్తుంది. ఆ మార్పు వరానికి ఫలితమే తప్ప వెల కాదు.

అబ్రాహాము ఉదాహరణతో పౌలు ఈ క్రమాన్నే స్థాపిస్తాడు. ఆదికాండంలో అబ్రాహాము విశ్వాసం నీతిగా ఎంచబడిన ఘట్టం 15వ అధ్యాయంలో ఉంది. సున్నతి ఆజ్ఞ 17వ అధ్యాయంలో వస్తుంది. అంగీకారం ముందు, గుర్తు తరువాత (రోమా 4:9-12). పౌలు వాదానికి ఈ ముందువెనుకలే ఆయువుపట్టు.

4. జీతము, కృపావరము

రోమా 4:4లో గ్రీకు మూలంలోని ‘మిస్థోస్’ అంటే కూలి, ప్రతిఫలం. రోమా 6:23లోని ‘ఒప్సోనియా’ సైనికులకిచ్చే బత్తెం. తెలుగు బైబిలు ఈ రెండు చోట్లా ‘జీతము’ అన్న మాటనే వాడింది. మొదటి చోట జీతానికి ఎదురుగా దానం, రెండవ చోట జీతానికి ఎదురుగా కృపావరం నిలుస్తాయి.

నెలజీతానికి అలవాటుపడిన పాఠకునికి ఈ మాట ఉద్యోగాన్ని గుర్తుచేస్తుంది. తెలంగాణ పల్లెలో ‘జీతం ఉండడం’ అంటే ఒక ఆసామి ఇంట ఏడాది పొడవునా పొలం పనికి, పశువుల పనికి కట్టుబడడం. చాలా సందర్భాలలో తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతగాడయ్యేవాడు. అప్పు తరిగేది కాదు, జీతం ముగిసేది కాదు. పాపాన్ని యజమానిగా, మనిషిని దాసునిగా వర్ణించే రోమా 6వ అధ్యాయాన్ని ఈ అనుభవంతో చదివితే ‘జీతము’ అన్న మాట మూలంలోని దాస్యభావాన్ని అనుకోకుండానే మరింత స్పష్టం చేస్తుంది. పాపమనే ఆసామి ఇచ్చే జీతం మరణం. దేవుడు ఇచ్చేది జీతం లెక్కలోకి రాదు. అక్కడ ఖాతా పుస్తకమే లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పల్లెలో ‘దొర దయ’ కూడా ఉచితంగా కనిపించి, జీవితాంతం తీరని రుణంగా మారగలదు. కృపను అటువంటి దయగా బోధిస్తే విశ్వాసి కొత్త దొరకు కొత్త జీతగాడవుతాడు. దీనిని పరిహరించడానికే కాబోలు, రోమా 8:15లో పౌలు దాస్యపు ఆత్మకు ప్రతిగా దత్తపుత్రాత్మను ప్రస్తావిస్తాడు. దత్తపుత్రుడు ఇంటి పని చేస్తాడు. కాని ఆ ఇల్లు అతనిది.

5. ధర్మశాస్త్రం: ఒక మాట, రెండు అర్థాలు

హీబ్రూ ‘తోరా’ అంటే ఉపదేశం. అది గ్రీకులో ‘నొమోస్’ అయింది, తెలుగులో ‘ధర్మశాస్త్రము’ అయింది. అయితే తెలుగులో ధర్మశాస్త్రమంటే మనుస్మృతి వంటి గ్రంథాలు కూడా. ధర్మశాస్త్రపు శాపం నుండి క్రీస్తు విమోచించాడన్న బోధ (గలతీ 3:13) వర్ణవ్యవస్థ చేత వెలివేయబడిన శ్రోతకు మరింత సమీపంగా తాకడానికి ఈ అనువాదపదం అవకాశమిచ్చింది.

ఈ సామీప్యంలో బలం ఉంది, ప్రమాదమూ ఉంది. మోషే ధర్మశాస్త్రం ఐగుప్తు దాస్యం నుండి విడుదల పొందిన ప్రజలకు లభించినది. మనుస్మృతితో దానిని సమానం చేయడం చారిత్రకంగా పొరపాటు, యూదుమతానికి అన్యాయం. పౌలు కూడా ధర్మశాస్త్రాన్ని పరిశుద్ధమైనదిగానే చెప్పాడు (రోమా 7:12). యూదులు తమ పుణ్యంతో రక్షణ సంపాదించుకోజూశారన్న పాత భావనను ఇ. పి. శాండర్స్ 1977లో ప్రశ్నించాడు. యూదుమతంలోనూ దేవుని నిబంధనకు ఆధారం కృపేనని, ధర్మశాస్త్రాచరణ ఆ నిబంధనలో నిలిచి ఉండే విధానమని ఆయన నిరూపించాడు. జేమ్స్ డన్ ఈ వాదాన్ని విస్తరించి, పౌలు వ్యతిరేకించిన ‘ధర్మశాస్త్ర క్రియలు’ ముఖ్యంగా సున్నతి, ఆహార నియమాలు, విశ్రాంతిదినం వంటి సరిహద్దు గుర్తులని వివరించాడు.

పౌలు వాడిన మరొక ఉపమానం దీనికి తోడ్పడుతుంది. ధర్మశాస్త్రాన్ని అతడు ‘పైదగోగోస్’ అన్నాడు (గలతీ 3:24). తెలుగు బైబిలులో ఇది ‘బాలశిక్షకుడు’. మూలంలో ఆ మాటకు, పిల్లవానిని బడికి తీసుకుపోయి కాపలా కాసే ఇంటి దాసుడని అర్థం. అతడు అవసరమైనవాడు. అయితే బాలుడు యుక్తవయస్కుడైన తరువాత అతని అధికారం ముగుస్తుంది.

6. ఒంగోలు అనుభవం

పౌలు లేఖ ఒక తెలుగు సంఘపు రూపాన్ని నిర్ణయించిన సందర్భం నల్లమలకు ఆవలి వైపున ఉంది. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు చేరాడు. ఎర్రగుంట్ల పేరయ్య మొదలైన మాదిగ విశ్వాసులు సంఘంలో చేరుతుండగా, అగ్రవర్ణాల వారు మిషన్‌కు దూరం కాసాగారు. వీరిని ఆపితే వారు నిలుస్తారు. ఆ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 భాగమే కనిపించిందని మిషన్ చరిత్ర చెబుతుంది. లోకంలో ఎన్నిక లేనివారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్నది ఆ భాగపు సారాంశం. తలుపు అందరికీ తెరిచే ఉంచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అదే క్లౌ విశ్వాసులకు మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. సున్నతిని కాదన్న పౌలు అనుచరులే మరో ధర్మశాస్త్రాన్ని తెచ్చారా? రెండు వైపులా ఆలోచించవలసి ఉంది. ఊరికి చాకిరి చేయడం, జాతరలో డప్పు కొట్టడం, పశుకళేబరాన్ని తొలగించడం కులం మోపిన విధులు. ఈ నియమాలు వాటిని నిరాకరించే ధైర్యాన్నిచ్చాయి. అందుకే గ్రామ పెద్దలతో ఘర్షణ వచ్చింది. మరోవైపు, ఆకలి వేళ దొరికిన మాంసం తిన్నవానిని ‘అపవిత్రుడు’ అనడం అగ్రవర్ణ శుచిభావననే సంఘంలోకి తేగలదు.

తెలుగు నేలపై పనిచేసిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ, మానవశాస్త్రవేత్త పాల్ హీబర్ట్ 1978లో రాసిన ఒక వ్యాసంలో ఈ సమస్యను విశ్లేషించాడు. ఒక్కసారి సువార్త విన్న నిరక్షరాస్యుడైన పాపయ్య అనే రైతు క్రైస్తవుడు కాగలడా అని అందులో ప్రశ్నించాడు. గిరిగీసి లోపలివారిని, వెలుపలివారిని నిర్ణయించడం ఒక పద్ధతి. కేంద్రమైన క్రీస్తు వైపు ఎవరు తిరిగారో చూడడం మరొక పద్ధతి. పౌలు కృపాబోధకు రెండవదే సన్నిహితం. అందులో నడతకు విలువ ఉంది. ప్రవేశ రుసుముగా మాత్రం కాదు.

7. స్వాతంత్ర్యం: దేని నుండి, దేనికి?

గలతీ 5వ అధ్యాయం స్వాతంత్ర్య ప్రకటనతో మొదలవుతుంది. పదమూడవ వచనానికి వచ్చేసరికి ప్రేమతో ఒకరికొకరు దాసులు కావాలని కోరుతుంది. ఇది వెట్టికి సరిగ్గా వ్యతిరేకం. వెట్టిలో సేవ ఒకే దిశలో, కింది నుండి పైకి, బలవంతంగా సాగుతుంది. పౌలు చెప్పిన సేవ పరస్పరం, స్వచ్ఛందం. ధర్మశాస్త్రమంతా పొరుగువానిని ప్రేమించమన్న ఒక్క మాటలో నెరవేరుతుందని అతడు ఆ వెంటనే చెప్పడం గమనార్హం (గలతీ 5:14).

పౌలుకు పరిమితులు లేకపోలేదు. రోమన్ దాస్యవ్యవస్థను రద్దు చేయాలని అతడు కోరలేదు. దాసుడైన ఒనేసిమును సహోదరునిగా చేర్చుకోమని ఫిలేమోనుకు రాశాడు. అంతకు మించిన పని చట్టం చేయవలసి వచ్చింది. భారతదేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుకు కట్టుబడి దూరప్రాంతాలకు వెళ్లిన పాలమూరు కూలీల చరిత్రను చూస్తే, విడుదలకు ఆత్మీయ అర్థంతో పాటు చట్టబద్ధమైన అర్థమూ ఎందుకు కావాలో తెలుస్తుంది.

చట్టమే మరో చిక్కును కూడా కల్పించింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు వర్తించదు. తెలుగు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గంగా ఉన్నారు. విశ్వాసం మారితే కులం పోతుందని చట్టం భావిస్తుంది, ఊరు భావించదు. సంఘమైనా భావిస్తుందా అన్నది గలతీ 3:28 నేటికీ అడిగే ప్రశ్న. విశ్వాసులు ఏ కులం నుండి వచ్చారో చూసి పెళ్లిళ్లలో, శ్మశానాలలో వేరు చేసిన చోట అంతియొకయ మళ్లీ ఎదురవుతుంది.

8. ముగింపు

పౌలు లేఖలలో కృప, ధర్మశాస్త్రం పరస్పర శత్రువులు కావు. వాటి క్రమం తారుమారైనప్పుడే వివాదం పుడుతుంది. పాత్రత చూడని వరం ముందు వస్తుంది. నడత దాని ఫలంగా తరువాత వస్తుంది. పాత్రదానం, జీతం, వెట్టి, పంక్తిభేదం అన్న మాటలను అనుభవంగా ఎరిగిన కొల్లాపూర్ ప్రాంత పాఠకునికి ఈ బోధ పరాయిది కాదు. ఆ మాటలే దానికి వ్యాఖ్యానం. బల్లారాధనలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నదే ఆ బోధను సంఘం ఎంతవరకు స్వీకరించిందో తెలిపే కొలమానం.