తోలుపత్రం వెలిసింది, పత్రిక నిలిచింది

1776 జులై 6, శనివారం. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ టౌన్ నడిపే 'పెన్సిల్వేనియా ఈవెనింగ్ పోస్ట్' సంచిక వెలువడింది. నాలుగే పేజీలు, వెల రెండు రాగి నాణేలు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన పూర్తి పాఠం ఒక వార్తాపత్రికలో అచ్చయింది మొదట అందులోనే. 2013లో ఈ సంచిక ప్రతి ఒకటి వేలంలో 6,32,500 డాలర్లు పలికింది.

అమెరికా వలసల ప్రతినిధుల సభ అయిన కాంగ్రెస్ ఈ ప్రకటనను ఆమోదించింది జులై 4న. ఆ రాత్రే జాన్ డన్‌లాప్ అనే ముద్రాపకుడు దాన్ని విడి కరపత్రంగా అచ్చువేశాడు. మర్నాడు ఫిలడెల్ఫియాలోని ఒక జర్మన్ భాషా పత్రిక, ప్రకటన ఆమోదం పొందిందని క్లుప్తంగా వార్త ఇచ్చింది. ఆ మర్నాటికి టౌన్ పూర్తి పాఠం అందించాడు. సభ్యులు సంతకాలు చేసిన తోలుపత్రం ఇంకా తర్వాతది. ఆగస్టు 2న గాని సంతకాలు మొదలు కాలేదు.

ఆ తోలుపత్రాన్ని ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో భద్రపరిచారు. అయినా అందులోని అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి. రెండు నాణేల పత్రికను మాత్రం నేటికీ హాయిగా చదువుకోవచ్చు. ఈ తేడా సిరాతో మొదలవుతుంది.

తోలుపత్రం మీద రాసిన సిరా మాచికాయ రసంలో అన్నభేది కలిపి చేసినది. మాచికాయలోని టానిన్, అన్నభేదిలోని ఇనుము కలిసి నల్లని పదార్థం ఏర్పడుతుంది. వెలుతురు ఎక్కువకాలం తగిలితే ఆ నలుపు తగ్గిపోతుంది. ఆ పత్రాన్ని 1841 నుంచి సుమారు 35 ఏళ్లు పేటెంట్ ఆఫీసు భవనంలో కిటికీకి ఎదురుగా వేలాడదీశారు. అచ్చు సిరా సంగతి వేరు. మరగబెట్టిన అవిసె నూనెలో దీపపు మసి కలిపి దాన్ని తయారుచేసేవారు. మసి అంటే కార్బన్. వెలుతురు దాన్ని ఏమీ చేయలేదు.

కాగితమూ గట్టిదే. అప్పట్లో పాత లినెన్ గుడ్డలను నానబెట్టి, దంచి గుజ్జు చేసి కాగితం తీసేవారు. లినెన్ కూడా అవిసె నారే. అందులో పొడవాటి సెల్యులోజ్ గొలుసులు ఉంటాయి, లిగ్నిన్ దాదాపు ఉండదు. 19వ శతాబ్దంలో కర్రను నూరి గుజ్జు చేసే పద్ధతి వచ్చాక పత్రికల ధర తగ్గింది, ఆయుష్షూ తగ్గింది. కర్రలోని లిగ్నిన్ వెలుతురుకు పసుపుబారుతుంది. సిరా పాకకుండా కలిపే పటిక, తేమ తగిలినప్పుడు ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. అందుకే 1776 నాటి పత్రికను మడిచి విప్పగలిగినా, 1940ల నాటి పత్రిక మడత దగ్గర పెళ్లున విరిగిపోతుంది.

అసలు ప్రతిని పోల్చుకోవడానికి తోడ్పడేదీ ఈ తయారీ పద్ధతే. గుజ్జును తీగల చట్రంతో ఎత్తి కాగితం చేసేవారు కాబట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తే దగ్గరదగ్గరగా సన్నని గీతలు, వాటిని అడ్డంగా ఖండిస్తూ ఎడంఎడంగా మరికొన్ని గీతలు కనిపిస్తాయి. సీసపు అచ్చులను తడి కాగితం మీద నొక్కడంతో పడిన గుంటలు వేలికి తగులుతాయి. ఫొటో తీసి చేసిన నకలులో ఆ గుంటలు ఉండవు. ఈ పరీక్షలు అవసరమే. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ మరణవార్త ఉన్న 1800 నాటి 'అల్‌స్టర్ కౌంటీ గెజిట్'కు నకళ్లు లెక్కలేనన్ని వచ్చాయి. చాలా ఇళ్లలో వాటినే అసలువిగా దాచుకున్నారు.

మన ఇళ్లలోనూ 1947 ఆగస్టు 15 నాటివో, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26 నాటివో తెలుగు పత్రికలు ఉండవచ్చు. అవి కర్ర గుజ్జు కాగితాలు. ఇనప్పెట్టెలో దాచినంత మాత్రాన అవి నిలవవు, ఆమ్లం వాటి లోపలే ఉంది. ముందుగా వాటిని స్కాన్ చేయించండి. చదవడానికి ఆ నకలునే వాడండి. చిరుగులకు సెలోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. మడతలు విప్పి, ఆమ్లరహిత కాగితపు కవరులో పరిచి, చీకటిగా, చల్లగా, పొడిగా ఉండే చోట ఉంచండి. ఇంట్లో అది కుదరకపోతే, పాత పత్రికలను భద్రపరిచే గ్రంథాలయానికి అప్పగించండి.